ఇల్లు నెరిగిన మహాకవి: గురజాడ అప్పారావుగారు

ఇచ్ఛాపురమున రైలెక్కి దక్షిణదిశగా పోవువారు సోంపేట, పలాస, నౌపడ, ఆమదాలవలస దాటి, చీపురుపల్లి మీదుగా విజయనగరము చేరుదురు. కిటికీనుండి చూచువారికి చీపురుపల్లి మన ఊరి స్టేషను వంటిదే మరియొక స్టేషను. ఆ ఊరి బడిలో అక్షరములు దిద్దిన బాలుడొకడు పెరిగి పెద్దవాడై, తెలుగువారి ఇండ్లలోనికి తొంగిచూచి, అక్కడ ఆలుమగలు, తండ్రీబిడ్డలు, గురుశిష్యులు ఒకరితోనొకరు నడుపు వ్యవహారమును ఉన్నదున్నట్లు వ్రాసి, ఆ ఇంటివారినే కడుపుబ్బ నవ్వించెనన్న సంగతి స్టేషను పలకమీద వ్రాసియుండదు గదా. ఆ బాలుడే గురజాడ వేంకట అప్పారావుగారు.

అప్పారావుగారిని మన పిల్లలు దేశభక్తి గేయకర్తగా ఎరుగుదురు. పెద్దలు ముత్యాల సరముల కవిగా, వాడుకభాషకై పోరాడిన పండితునిగా ఎరుగుదురు. ఈ వ్యాసమున ఆ విషయములు కొద్దిగా మాత్రమే వచ్చును. సంసారమును గూర్చి ఆయన ఏమి కనిపెట్టెను, మనుష్యస్వభావమును చూచి ఎట్లు నవ్వెను, ఆ నవ్వు ఎవరి పక్షమున నిలిచెను అనునదే మాకు ముఖ్యము. వాడుకభాషకై జీవితాంతము వాదించిన మనిషి చరిత్రమును ఈ పాతఫక్కి భాషలో వ్రాయుట ఆయనకు నచ్చియుండదు. నచ్చకున్నను కోపగింపక, నవ్వి ఊరకుండెడివారని మా ధైర్యము.

ఆయన 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన, ఎలమంచిలి చేరువనున్న రాయవరమున మేనమామగారి ఇంట జన్మించిరి. తండ్రి వేంకట రామదాసుగారు విజయనగర సంస్థానమున ఉద్యోగి; కొలువు చీపురుపల్లిలో. తల్లి కౌసల్యమ్మగారు. శ్యామలరావుగారని ఒక తమ్ముడు. చీపురుపల్లిలో చదువు మొదలై, పిదప విజయనగరమున సాగెను. అచ్చటి మహారాజావారి కళాశాల ప్రధానాధ్యక్షులు చంద్రశేఖరశాస్త్రిగారు ఈ బాలుని తెలివిని గుర్తించి, తమ ఇంట భోజనవసతు లమర్చి చదివించిరి. పరాయి ఇంట తిని చదువుకొనిన పిల్లవానికి ఇంటి మర్యాదలన్నియు సూక్ష్మముగా తెలిసివచ్చును. ఎవరికి ముందు వడ్డింతురు, ఎవరి మాటకు ఎవరు నవ్వుదురు, ఎవరి రాకతో ఎవరు నోరుమూసికొందురు, ఇవన్నియు స్వంత ఇంట పెరిగినవాని కంటబడవు. అప్పారావుగారి చూపునకు పదును పెట్టినది ఆ ఇంటి పంక్తియేనని మా ఊహ.

ఆ బడిలోనే ఆయనకు గిడుగు రామమూర్తిగారు సహాధ్యాయి. రామమూర్తిగారు వంశధారాతీరమున పర్వతాలపేటలో 1863లో జన్మించినవారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా ప్రవేశించి, సవరల భాషను నేర్చి ప్రసిద్ధికెక్కిరి. పర్లాకిమిడి టెక్కలివారికి కూతవేటు దూరము, మనకును పొరుగూరే. కనుక అప్పారావుగారి మైత్రిలో సగము మన వైపునకు చెందినదని చెప్పుకొనిన తప్పులేదు. ఆ దినములలో మన ఇచ్ఛాపురము గంజాం జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడగా ఇందులో నిలిచినది.

అప్పారావుగారు 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ. పరీక్షలందు ఉత్తీర్ణులైరి. ఆ సంవత్సరమే విజయనగరమున ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. జీతము నెలకు 25 రూపాయలు. ఈ అంకెను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను; ముందు దీనితో పనిబడును. 1885లో అప్పల నరసమ్మగారితో వివాహమైనది. వారికి ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు. 1886లో బి.ఏ. పట్టము పొంది, కొంతకాలము డిప్యూటీ కలెక్టరుగారి కచేరీలో గుమాస్తాగిరి వెలగబెట్టి, 1887లో విజయనగరము కళాశాలలో అధ్యాపకులైరి. గుమాస్తాగిరి ఆయనకు పొసగకపోవుట మన అదృష్టము.

యౌవనమున ఆయన ఇంగ్లీషున కవిత్వము వ్రాసెడివారు. సారంగధర కథను ఆంగ్లపద్యములుగా రచించి ప్రకటింపగా, కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రికను నడపుచుండిన శంభుచంద్ర ముఖర్జీగారు చదివి మెచ్చుకొని, ఇంత ప్రతిభ గలవాడు మాతృభాషలో వ్రాసిన బాగుండునని సలహా యిచ్చిరి. సలహాలిచ్చువారు ప్రతియూరను కలరు. దానిని వినువారే అరుదు. ఈయన వినిరి.

విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజావారు విద్వాంసులయెడ ఆదరము గలవారు. అప్పారావుగారు ఆయన ఆస్థానమున చర్చలలో పాల్గొనుచు, క్రమముగా ఆంతరంగికులైరి. సంఘమున బ్రాహ్మణ కుటుంబములలో ఆడపిల్లలను ధనము పుచ్చుకొని వృద్ధులకు కట్టబెట్టు ఆచారము ముదిరియుండిన దినములవి. ఇతర కులములలో ఓలి అను పేర స్వల్పముగా పుచ్చుకొను మర్యాద వేరు; అగ్రహారములలో సాగినది శుద్ధమైన బేరము. మహారాజావారు విశాఖపట్టణము జిల్లాలో మూడు సంవత్సరములలో జరిగిన అట్టి వివాహములకు ఒక జాబితా తయారు చేయించిరి. డబ్బు పుచ్చుకొనినవారు ఒప్పుకొనరు గనుక ఆ జాబితా పూర్తియైనది కాదు. అయినను అందెక్కిన వివాహములు 1,034. సాలునకు సగటున 344. పెండ్లికూతుండ్రలో 99 మంది అయిదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూడేండ్లవారు, ఆరుగురు రెండేండ్లవారు, ముగ్గురు ఏడాది పసికందులు. ఆ పసికందుల ఖరీదు 350 మొదలు 400 రూపాయల వరకు పలికినది. తల్లి కడుపులో నున్న శిశువునకే బేరము కుదుర్చుకొనుటయు కలదట. ఈ లెక్కలను అప్పారావుగారు కన్యాశుల్కము పీఠికలో వ్రాసిరి.

ఇప్పుడు ఆ 25 రూపాయల అంకెను బయటకు తీయుదము. చదువుకొనిన ఉపాధ్యాయుడు ఏడాది పైచిలుకు ఉపవాసముండి కూడబెట్టిన సొమ్ము ఒక పాలుత్రాగు పాపాయి ఖరీదు. నాటకములో అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బికి నిర్ణయించిన వెల 1,800 రూపాయలు. అనగా ఆ ఉపాధ్యాయుని ఆరు సంవత్సరముల జీతము. ఇంత ధనమును ఇచ్చి కొనగలవాడు పడుచువాడై యుండుట దుర్లభము. కొనగలవాడు ముసలివాడై యుండును, ముసలివాడు త్వరలో పోవును, పిల్ల విధవయగును. కారణము, కార్యము, దాని కార్యము అన్నియు పద్దుపుస్తకములో వరుసగా అమరిపోవును. ఈ లెక్కను చూచి ఏడ్చువారు ఏడ్తురు, ఉపన్యసించువారు ఉపన్యసింతురు. అప్పారావుగారు నాటకము వ్రాసిరి.

ఏల నాటకము? జనసామాన్యమునకు చదువు అలవడువరకు రంగస్థలమే శరణ్యమని ఆయన భావించిరి. 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు కన్యాశుల్కమును ప్రదర్శించిరి. 1897లో అది అచ్చుపడినది. ఆనంద గజపతిరాజావారికి అంకితము. అదే సంవత్సరము ఆ ప్రభువు స్వర్గస్థులైరి. పండ్రెండేండ్లకు, అనగా 1909లో, నాటకమును దాదాపు తిరుగవ్రాసి, ఏడంకములుగా పెంచి, రెండవ కూర్పు వెలువరించిరి. మనము చదువుచున్నది ఈ రెండవదానినే. మొదటి కూర్పు ప్రధానముగా ఒక దురాచారమును దండించుటకు పుట్టినది. రెండవదానిలో దురాచారము వెనుకకు జరిగి, మనుష్యులు ముందునకు వచ్చిరి. అందుచేతనే ఆ ఆచారము నశించినను నాటకము నశింపలేదు.

ఆ మనుష్యులను చూడుడు. అగ్నిహోత్రావధానులు వేదము చదివినవాడు, వ్యాజ్యముల పిచ్చి కలవాడు, ముక్కుమీద కోపము కలవాడు. పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివానికిచ్చి ఆమె విధవయైనను బుద్ధి రాలేదు. భార్య వెంకమ్మ నూతిలో పడుటకైనను సిద్ధపడును గాని, భర్త మాటను తిప్పలేదు. ఈయన దుర్మార్గుడని అప్పారావుగారు ఎక్కడను చెప్పరు. తన కోపమే తన అధికారమని నమ్మిన గృహస్థుడాయన. అట్టివారు ఇప్పటికిని అరుగుల మీద దొరకుదురు. వేదము మాత్రము చదివియుండరు.

లుబ్ధావధానులు పిసినిగొట్టు. చేతికర్ర సాయము లేక నడువలేని వయసున పెండ్లికి సిద్ధపడినాడు. అతడు ఆశపడినది పిల్లను జూచియా, పిల్లతోపాటు వచ్చు లాభమును జూచియా యనునది తేల్చుట కష్టము. సుబ్బికంటె చవుకగా మరియొక పిల్ల దొరకునని చెప్పగనే అతని మనస్సు అటు తిరుగును. ఆ చవుక పెండ్లికూతురు ఆడపిల్లయే కాదు. వెంకమ్మ సోదరుడు కరటకశాస్త్రి, మేనకోడలిని కాపాడుటకై తన శిష్యునికి ఆడవేషము వేసి తెచ్చినాడు. పెండ్లియైన పిదప పెండ్లికూతురు మాయమగుటయు, ముసలివానిమీద హత్యానేరము వచ్చిపడుటయు చదువరు లెరిగినవే. చవుకబేరము చివరకు ప్రియమగునన్న సంగతి సంతకు పోవు ప్రతి గృహస్థునకును తెలియును. పెండ్లిసంతలో మాత్రము మరచును.

గిరీశము సంగతి చెప్పనక్కరలేదు. అతని నోట ఇంగ్లీషు ముక్కలు, చేత చుట్ట, మనస్సున పరుల సొత్తు. విధవావివాహమును గూర్చి అతడు చేయు ఉపన్యాసములో ఒక్క మాటయు అబద్ధము లేదు, చేయువాడే అబద్ధము. సంస్కరణమునకై జీవితమును ధారపోసిన కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున తొలి విధవావివాహము జరిపించిరి. ఆ మహాకార్యము జరిగిన పదునొకండేండ్లకే, దానిని నోటితో వల్లించి పబ్బము గడుపుకొను గిరీశమును రంగమునకెక్కించుటకు ఎంత గుండెదిటవు కావలెను! సంస్కరణమునకు మేలుకోరువాడై యుండియు సంస్కర్తల నీడన పెరుగు కలుపును చూచుట అప్పారావుగారి ప్రత్యేకత. తన పక్షమువానిని చూచి నవ్వగలవాడే నిజముగా నవ్వగలవాడు.

వీరందరి నడుమ మధురవాణి. ఆమె వేశ్య. కాపురములున్న పెద్దమనుష్యులు అబద్ధములాడుచుండగా, కాపురము లేని ఆమె అబద్ధమును వేషముగా మాత్రము ధరించి, అవసరము తీరగనే విప్పివేయును. సుబ్బి పెండ్లి తప్పుటకు ఆమె సాయమే ముఖ్యము; గిరీశము బండారము బయటపెట్టినదియు ఆమెయే. వేశ్యను ముట్టనని వ్రతము పట్టిన సౌజన్యారావు పంతులంతటి సజ్జనుడును ఆమె యెదుట తన మంచితనమును మరల తూచుకొనవలసివచ్చినది. 1955లో ఈ నాటకము చలనచిత్రముగా వచ్చినపుడు నందమూరి తారక రామారావుగారు గిరీశముగాను, సావిత్రిగారు మధురవాణిగాను నటించిరి. సినిమా చూచి నాటకమును చదివినట్లే తలచువారు మన చందాదారులలోను కలరు. వారు బీరువా తెరిపించి పుస్తకమునే చదువవలెనని మా విన్నపము. రెండింటి ముగింపులును ఒకటి కావు.

మన ఉద్దానమున జీడిగింజ నెరుగనివారు లేరు. పలాసలో పప్పు ఒలుచు ఆడవారు చేతులకు బూడిదయో నూనెయో పూసికొని కూర్చుందురు. పై పెంకులోని జీడి తగిలిన చర్మము పొక్కును; లోని పప్పు మాత్రము కమ్మనిది. పెంకు జోలికి పోకుండ పప్పు తినవలెననువానికి ఉపాయము లేదు. అప్పారావుగారి హాస్యము అట్టిది. ఆయన కాలమున హాస్యమనగా నత్తివానిని, గూనివానిని, తిండిపోతును చూచి నవ్వుట. అది తొక్క తీసిన అరటిపండు వంటిది; మ్రింగుటకు శ్రమ లేదు, మ్రింగిన పిదప జ్ఞాపకమును లేదు. కన్యాశుల్కము చూచి నవ్వినవాడు ఇంటికి పోవునపుడు ఏదో ఒకచోట పొక్కి యుండును.

ఒక చిన్న సంగతి. కన్యాశుల్కములో మధురవాణి ఇంట జరుగు ఒక రంగము కలదు. రామప్పపంతులు లోపల నుండగా గిరీశము వచ్చును. ఇంతలో పూటకూళ్లమ్మ, గిరీశము తన సొమ్ము కాజేసెనన్న కోపముతో చీపురుకట్ట పుచ్చుకొని వచ్చును. ఇద్దరు మగవారును మంచము క్రింద దూరుదురు. గిరీశమునకు తగులవలసిన దెబ్బ పంతులు నెత్తిన పడును. ఈ రంగమున్న రెండవ కూర్పు 1909లో వచ్చినది. మరుసటి సంవత్సరమే, అనగా 1910లో, ఆయన దిద్దుబాటు అను కథను ఆంధ్రభారతి పత్రికలో ప్రకటించిరి. అందును ఒక మంచము కలదు. ఈ మారు దాని క్రింద నున్నది భార్య.

ఆ కథ మూడు నాలుగు పుటల కంటె మించదు. గోపాలరావు చదువుకొనినవాడు, ఒకప్పుడు భోగము మేళములను నిరసించినవాడు. కాలక్రమమున ఆ పాటల మోజున పడి, రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరును. తలుపు తీసియున్నది, గదిలో భార్య కమలిని లేదు. బల్లమీద ఉత్తరము: తాను పుట్టింటికి పోవుచున్నానని. గోపాలరావు కలవరపడి, నౌకరు రాముని కొట్టి, కొట్టినందుకు వెంటనే పశ్చాత్తాపపడి, తన తప్పును తానే ఒప్పుకొని, ఆమెను తోడితెమ్మని రామునికి పురమాయించును. అప్పుడు మంచము క్రిందినుండి నవ్వు వినవచ్చును, గాజులు గలగలమనును. కథ ముగిసినది.

పదిమంది పెద్దలు కలిసి భర్తకు బుద్ధి చెప్పు కథ ఆనాడు ఎవరైనను వ్రాయగలరు. శాపములు, శోకములు, పతివ్రతామహిమలు మన పురాణములలో కావలసినన్ని కలవు. ఇల్లాలు తన ఇంట, తన మంచము క్రింద కూర్చుండి, ఒక కాగితము ముక్కతో మగనికి పరీక్ష పెట్టి, అతడు ఉత్తీర్ణుడు కాగానే నవ్వుట అంతకు ముందు తెలుగు వచనమున మేము చూడలేదు. ఆమెకు ఆ ఉత్తరము వ్రాయుటకు చదువు కావలసివచ్చినదని మరువరాదు. ఆడువారికి చదువు చెప్పిన ఇట్టి చిక్కులే వచ్చునని నౌకరు రాముడు కథలో వాదించును. అది రాముని వాదము మాత్రమే కాదు, ఆనాటి వీథి వాదము. గోపాలరావు అంత దిగులులోను చదువుకొనిన భార్యయే మేలని వాదించుట ఆయనలోని మంచిగుణము. భార్య పోయెనన్న దుఃఖము ఒకవైపు, భార్యను చదివించితినన్న గర్వము మరియొకవైపు. మగవాని మనస్సును ఇంత దగ్గరగా చూచినవాడు దానిని ద్వేషింపలేడు.

సంసారసుఖమును గూర్చి అప్పారావుగారు ఉపన్యాసము చేయలేదు. ఆయన రచనలను వరుసగా చదివినవారికి మాత్రము ఒక సంగతి కనబడును. ఎక్కడ ఇల్లు పద్దుపుస్తకమువలె నడచునో అక్కడ ఎవ్వరును సుఖముగా నుండరు. పుచ్చుకొనినవాడును, ఇచ్చినవాడును, సరుకైన పిల్లయు. లుబ్ధావధానులు ఇంట నవ్వు లేదు, ఆయన విధవకూతురు మీనాక్షి బ్రతుకున వెలుగు లేదు. ఎక్కడ భార్య ధైర్యముగా భర్తను చూచి నవ్వగలదో, భర్త ఆ నవ్వును సహింపగలడో, అక్కడ కాపురము నిలుచును. కమలిని ఇంట నవ్వు నిలిచినది. ఆలుమగల నడుమ భయమున్న ఇంటిలో నవ్వు మగవానిది మాత్రమే యగును. అది నవ్వు కాదు, సకిలింపు.

ఆయన చేతిలో నవ్వు ఆగిపోయిన చోటును ఒకటి కలదు. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ. కన్యాశుల్కములోని వస్తువే, పుచ్చుకొనినది అదే సొమ్ము, పెండ్లికొడుకు అట్టి ముసలివాడే. కాని ఇందులో కరటకశాస్త్రి లేడు, మధురవాణి లేదు, ఆడవేషము వేసిన శిష్యుడును లేడు. పిల్లకు అడ్డుపడువారు ఎవ్వరును లేనపుడు ఏమి జరుగునో అదే జరిగినది. పూర్ణమ్మ కోనేటికి పోయి తిరిగి రాలేదు. చిన్న చిన్న మాటలతో, పిల్లలు పాడుకొను వరుసలో చెప్పిన కథ ఇది. నాటకములో సుబ్బి తప్పించుకొనుట అదృష్టమే గాని న్యాయము కాదని ఆయన ఎరుగును. ఆ జాబితాలోని 1,034 మందిలో ఎందరికి కరటకశాస్త్రి వంటి మేనమామ దొరికియుండును? నవ్వించినవాడే ఈ గీతమును గూడ వ్రాసెను గనుక ఆయన నవ్వును మనము నమ్మవచ్చును.

మెటిల్డా అను కథలో వయసు మళ్లిన భర్త, పడుచు భార్య, ఆ ఇంటిమీద కన్నువేసిన కాలేజీ కుర్రవాడు. ఒక దంపతుల సుఖదుఃఖములకు వీథిలోనివారు ఎంతవరకు కారకులగుదురో అందు చూడవచ్చును. ఇచ్ఛాపురపు వీథులలో నివసించు మనకు దీనిని వివరింప పనిలేదు.

ఒక మాట చెప్పక తప్పదు. కన్యాశుల్కము పోయినది. కాలము మారుట, చదువు, చట్టములు, 1929నాటి శారదా చట్టము, నాటకము, ఇన్నియు కలిసి దానిని పోగొట్టినవి. పోయిన చోట ఖాళీ మిగులలేదు. వరకట్నము వచ్చి కూర్చున్నది. పూర్వము ఆడపిల్ల తండ్రి పుచ్చుకొనెడివాడు. పిదప మగపిల్లవాని తండ్రి పుచ్చుకొనుట మొదలిడెను. పద్దుపుస్తకము అదే, జమ ఖర్చుల పుటలు మాత్రము తారుమారైనవి. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. పుచ్చుకొనువారు దానికి కట్నమని పేరు పెట్టక, లాంఛనములని పేరు పెట్టిరి. రామప్పపంతులు బ్రతికియున్నచో ఈ క్రొత్తబేరములలో దళారీ రుసుము ఏ వైపునుండి రాబట్టవలెనో క్షణములో కనిపెట్టెడివాడు. మన తీరమున కొబ్బరితోటలు, జీడితోటలు ఎకరముల లెక్కన పెండ్లిమాటలలో దొరలుటను మనమందరము వినియేయున్నాము.

అప్పారావుగారి బ్రతుకు పుస్తకములతో మాత్రమే గడువలేదు. ఆనంద గజపతి నిర్యాణానంతరము ఆయన సోదరియైన రీవా మహారాణి అప్పలకొండమాంబగారికి ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసిరి. సంస్థానపు వారసత్వమును గూర్చి పెద్ద వ్యాజ్యము నడచినది. దానికి కావలసిన పత్రములు వెదకుట, న్యాయవాదులతో మాటలాడుట, మద్రాసు తిరుగుట ఆయన భారమైనది. 1913లో అది రాజీతో ముగిసినది. కన్యాశుల్కములోని వకీళ్లు, గుమాస్తాలు, దొంగసాక్ష్యములు అంత సజీవముగా నుండుట చూచి, ఈ వ్యాజ్యమే వాని మూలమని కొందరు తలపవచ్చును. మొదటి కూర్పు వ్యాజ్యమునకు ముందటిదే గదా; కచేరీలతో ఆయనకు పరిచయము అంతకు పూర్వమే కలదు. ఇంటి తగవులు కోర్టు మెట్లెక్కినపుడు అన్నదమ్ములు ఎట్లు మాటలాడుదురో వినుటకు మాత్రము ఆయనకు ఈ ఏండ్లలో కావలసినంత అవకాశము కలిగినది.

వాడుకభాష పోరాటము ఆయన చివరి యేండ్లను తినివేసెను. 1911లో మద్రాసు విశ్వవిద్యాలయమున సభ్యత్వము లభించినది. పాఠశాలలలో పిల్లలు ఏ తెలుగున వ్యాసములు వ్రాయవలెనను చర్చ రేగినపుడు, గిడుగువారు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల పరీక్షాధికారి యేట్సు దొర మున్నగువారు ఒక పక్షము. జయంతి రామయ్య పంతులు మొదలగు పండితులు మరియొక పక్షము. సంఖ్యాబలము పండితులది. అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిని సుదీర్ఘమైన పత్రముగా వ్రాసి సమర్పించిరి. ఈ పోరాటమునకును ఇంటికిని సంబంధమేమని అడుగవచ్చును. వెంకమ్మ, బుచ్చమ్మ, పూటకూళ్లమ్మ మాటలాడినది ఏ భాష? వారి భాషను పుస్తకమునకు పనికిరానిదని వెలివేసినచో, వారి కష్టమును పుస్తకములో చెప్పువారెవరు? ఇల్లాండ్రను వంటింటనుండి రంగస్థలము మీదికి తెచ్చినవాడు వారి మాటను విడిచి రాలేడు. పాలేరు అసిరిగాడు సైతము మన ఉత్తరాంధ్రపు పలుకుబడితోనే రంగమున అడుగిడినాడు. ఆ పలుకు చెవిని పడినపుడు మన ప్రేక్షకులు పొరుగింటివాని గొంతు విన్నట్లు ఉలికిపడుదురు.

1913లో ఆయన ఉద్యోగవిరమణము చేసిరి. దేహము మొదటినుండియు బలహీనము. రాత్రులు చదువు, పగలు వ్యాజ్యము దానిని మరింత కృశింపజేసినవి. 1915 నవంబరు 30వ తేదీన విజయనగరమున కన్నుమూసిరి. ఏబదిమూడేండ్ల వయసు. కొండుభట్టీయము, బిల్హణీయము అను రెండు నాటకములు సగములో నిలిచిపోయినవి. ఆయన ఇంగ్లీషున వ్రాసికొనిన దినచర్యలను, మిత్రులకు వ్రాసిన లేఖలను తరువాతి కాలమున అవసరాల సూర్యారావుగారు కూర్చి తెలుగువారికి అందించిరి. ఆయన నివసించిన ఇల్లు విజయనగరమున స్మారకముగా నిలిచియున్నది. ఆ వైపు పోవు మన ఊరివారు స్టేషనులో దిగి, దారి అడిగి చూచి రావచ్చును.